ఘటం పట్టేంత దారి

మా వెనక సందు ఎలా పోయిందని అడిగితే ఆ వీధిలో ఎవరైనా ఒకటే మాట చెబుతారు, అమ్మవారే అలా కోరుకుందని. అమ్మవారు కోరుకోలేదు. ఎవరు కోరుకున్నారో, ఎవరు ఎంత ముందుకు జరిగారో, ఎవరు నవ్వి ఊరుకున్నారో నాకు తెలుసు. అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నాను. రాసిపెడితే మధ్యలో ఎవరూ అడ్డు రారని ఇప్పుడు రాస్తున్నాను.

ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లు వేసిన వాడెవడో గాలి సంగతి తెలిసిన వాడు. క్వార్టర్లు వరసలుగా ఉండేవి. ఒక వరస ముఖం వీధివైపు, వీపు ఇంకో వరస వీపువైపు. రెండు వీపుల మధ్య సందు. సందంటే ఇరుకనుకోకండి. చెత్తబండి ఎద్దుతో సహా వచ్చి వెనక్కి తిరిగి వెళ్ళేది. ప్రతి ఇంటికీ వెనక చిన్న పెరడు, నడుం ఎత్తు గోడ, ఆ గోడ దాటితే సందు. దాని మొదట్లో పంపు, ఆ చివర కానుగ చెట్టు. ఎండాకాలం సాయంత్రం దక్షిణపు గాలి ఆ చివర దూరి ఈ చివర దాకా ప్రతి వెనక గుమ్మాన్నీ పలకరించి పోయేది.

యాభైల చివర్లో పెళ్ళయి, పలాస అవతలి పల్లె నుంచి నేను ఆ ఇంటికి వచ్చాను. ముందు వీధి మగవాళ్ళది. సైరన్ కూయగానే సైకిళ్ళన్నీ వర్క్‌షాపు గేటువైపు పోయేవి. ఆ తరవాత వెనక సందు ఆడవాళ్ళది. బియ్యం చెరగడం, తల దువ్వుకోవడం, పక్క వరసతో పోట్లాట, మళ్ళీ కలుసుకోవడం, అన్నీ అక్కడే.

ఆ సందుకు పెద్ద మా అత్త. నేను కాపురానికి వచ్చేసరికే ఆమెకు కాళ్ళు పడిపోయాయి. వెనక గదిలో, గుమ్మానికి ఆనించి మంచం వేశాం. గుమ్మం తెరిస్తే పెరడు, గోడ, సందు మొత్తం ఆమె కళ్ళ ముందుండేవి. మంచం దిగకుండానే ఆమె సందు నడిపేది. చేపలమ్మే బెంగాలీ ఆవిడ గోల్‌బజార్ నుంచి తట్టతో వచ్చి ముందు మా గోడ దగ్గరే దించాలి.

"ఏటి దీదీ, ఈ చేపకి కన్నేటి అలా తెల్లబడిపోనాది? నాకంటే ముందు పుట్టినట్టున్నాదే!" అనేది మా అత్త.

"మాషీ, తుమి ఖావ్, కన్ను వద్దు" అని, నువ్వు తిను పిన్నీ, కన్నుతో పనేంటన్నట్టు, ఆవిడ బెంగాలీ కలిసిన వచ్చీరాని తెలుగులో జవాబిచ్చేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఎవరికి కానుపు దగ్గర పడిందో, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం లేదో మా అత్తకు తెలియకుండా ఉండేది కాదు. నాతో మాత్రం మంచి మాట మాట్లాడేది కాదు. నేను వండిన కూరలో ఉప్పు సరిపోయిందని ఒక్కరోజూ ఒప్పుకోలేదు. అది వేరే సంగతి. ఆ గుమ్మం లేకపోతే ఆమెకు ఏమీ లేదు. ఈ ఒక్కటీ నాకు ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే అర్థమైంది. మా ఆయనకు ఎప్పటికీ అర్థం కాలేదు.

సందులోకి మొదట అడుగుపెట్టిన వాడు సందుకు అవతల మా ఎదురింటి చార్జిమేన్. వర్క్‌షాపులో ఒక జట్టు పనివాళ్ళకు పైవాడు, వీధికి పెద్దమనిషి. మా ఆయన ఆయన్ను అన్న అనేవాడు కాబట్టి నేను బావగారు అనేదాన్ని. ఆయన బావమరిది ఊరి నుంచి ట్రంకుపెట్టెతో దిగాడు. అప్పట్లో ప్రతి పాసింజరులోనూ అలాంటి ట్రంకుపెట్టెలు దిగేవి. వర్క్‌షాపులో మనుషుల్ని తీసుకుంటున్నారని మా జిల్లా అంతా తెలిసిపోయింది. ఉద్యోగాలు పెరిగినట్టు క్వార్టర్లు పెరగలేదు. పాపం, వచ్చినవాడు ఎక్కడ పడుకుంటాడు? నాకూ తెలుసు ఆ బాధ. కానీ చార్జిమేన్ తన పెరట్లో కాకుండా, పెరడు వంటకు కావాలని చెప్పి, సందులో రేకుల గది లేపాడు.

నేను వెళ్ళి చార్జిమేన్ భార్యను అడిగాను. "అక్కా, ఇది సందు కదేటి? మా అత్తకి అటు సగం కనబడ్డం నేదు."

ఆవిడ పేలాలు వేయిస్తోంది. గరిట ఆపలేదు, నన్ను కూర్చోమనలేదు. "నాల్రోజులే సెల్లీ. ఆడికి పోస్టు రాగానే తీసేస్తాం. మీ అత్త సూసిందంతా సాలదేటి, ఇంకా ఏటి సూస్తాదట?"

ఆ మాట నేను మరిచిపోలేదు. ఆ బావమరిదికి పోస్టు వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. గది అలాగే ఉంది.

ఒక గది లేచాక రెండోది లేస్తుంది కదా. అందరికీ తమ్ముళ్ళున్నారు, అల్లుళ్ళున్నారు. గొడవ వచ్చేలా ఉందని రామమందిరం అరుగు మీద మీటింగు పెట్టారు. ఆడవాళ్ళం కింద నిలబడ్డాం. సందు మూసేస్తే ఎలా అన్న ప్రశ్న వచ్చింది, కానీ చెత్తబండి గురించి కాదు, గాలి గురించి కాదు, మా అత్త గురించి అసలే కాదు. అమ్మవారి ఘటం గురించి.

ప్రతి ఎండాకాలం మావాళ్ళు అమ్మవారి సంబరం చేస్తారు. పసుపు పూసిన ఘటం వేపమండలతో ఒక ముత్తయిదువ తల మీద వస్తుంది. చెరో పక్కా డప్పులు. వెనక సందులన్నీ తిరిగి, ప్రతి గుమ్మం ముందూ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోయించుకుని వెళ్ళాలి. బయల్దేరిన ఘటం ఆగొచ్చు, పక్కకు తిరగొచ్చు, వెనక్కి మాత్రం అడుగు వెయ్యకూడదు. వెనక్కి వేస్తే ఊళ్ళో అమ్మోరు పోస్తుందని, మశూచి వస్తుందని మా వాళ్ళ భయం. నాకూ ఉంది ఆ భయం, లేదనను.

"ఘటం పట్టేంత దారి వొగ్గితే సాలు" అని చార్జిమేన్ తీర్పు చెప్పాడు. అందరికీ నచ్చింది. ఘటం ఎత్తే మనిషినీ, అటొకరూ ఇటొకరూ డప్పులవాళ్ళనూ నిలబెట్టి, ఆ వెడల్పుకు ఒక వెదురుకర్ర కోశారు. ఎవరు గది వేసుకున్నా ఎదురింటి పెరటిగోడకు కర్ర ఒక చివర ఆనించాలి, రెండో చివర ఎక్కడికొస్తే అక్కడిదాకా వేసుకోవచ్చు. మావాళ్ళు పనిలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని ఫిట్టర్లు. కర్ర చూసి మహా సంతోషపడ్డారు.

నేను కిందనుంచే అడిగాను. "బావగారూ, మీరు మా గోడకి కర్ర పెట్టి కొలిసి అటు కడతారు. రేపు మావోళ్ళు మీ గోడకి కర్ర పెట్టి కొలిసి ఇటు కడతారు. అప్పుడు ఘటం ఎటెల్తాది?"

ఇద్దరు ముగ్గురు కర్రవైపు చూశారు. అర్థమైందనుకున్నాను. తరవాత చార్జిమేన్, "మరదలా, ఘటం దారి మొగోళ్ళు సూసుకుంటారు గానీ, నువ్వెల్లి పసుపు నూరుకో" అన్నాడు. అరుగు అరుగంతా నవ్వింది. మా ఆయన కూడా నవ్వాడు. ఎవరు ఎలా నవ్వారో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వర్క్‌షాపులో బాయిలర్ షాపులో పనిచేసే మా పక్కింటాయన పళ్ళు కుట్టుకునే పుల్ల నోట్లోంచి జారిపడేదాకా నవ్వాడు.

ఇంటికొచ్చాక మా ఆయనను నిలదీశాను. "పోనిద్దూ. అందరూ నవ్వితే నాను ఏడుస్తానేటి?" అన్నాడు. ఆయన జీవితమంతా ఆ 'పోనిద్దూ'లోనే గడిచిపోయింది.

ఆ తరవాత గదులు మొలిచాయి. ఒకచోట అటు, ఒకచోట ఇటు. సందు పాములా వంకర తిరిగింది. చెత్తబండి రావడం మానేసింది. కాలువ పూడి, వానాకాలం నీళ్ళు మా పెరట్లోకి వచ్చేవి. పంపు దగ్గర వరస పెరిగింది, నీళ్ళు సన్నబడ్డాయి. గాలి వంకరగా రాదు కదా, అదీ మానేసింది.

మమ్మల్నీ వేసుకోమన్నారు. నేను వెయ్యనివ్వలేదు. నా సొంత తమ్ముడు ఉద్యోగం కోసం వస్తే, సందులో గది వేయించడం ఇష్టం లేక క్వార్టర్లకు బయట ఝపటాపూర్‌లో అద్దెగది చూసిపెట్టాను. అప్ప ఇంట్లో చోటులేదు కానీ ఎదురింటి వాళ్ళ బావమరిదికి చోటుందని వాడు ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాడు. మా అమ్మ కూడా వాడి మాటే నమ్మింది. మా అత్తయితే ఇంకా నయం, "నీ తమ్ముణ్ణి ఎల్లగొట్టి నా మీద పెట్టినావేటే, నానడిగినానేటి?" అంది. నిజమే, ఆమె ఎప్పుడూ నన్ను అడగలేదు. కానీ ఎండాకాలం మధ్యాహ్నాలు గదుల మధ్య మిగిలిన సందులోకి మెడ సాచి, పంపు దగ్గర ఎవరున్నారో పోల్చుకోవడానికి ఆమె పడే అవస్థ చూసేది నేను. ఆమె కొడుకు కాదు.

క్వార్టర్ల మరమ్మతులు చూసే ఆఫీసుకు అర్జీ పట్టుకుని వెళ్ళాను. ఒకసారి కాదు. అక్కడి బెంగాలీ గుమాస్తా నన్ను చూడగానే పెన్ను కింద పెట్టేవాడు. "హోబే, బౌదీ, హోబే" అనేవాడు. అవుతుంది వదినా, అవుతుంది అని. అవుతుంది అవుతుంది అంటూనే రెండు వర్షాకాలాలు అయ్యాయి. వీధిలో నాకు అర్జీలమ్మ అని పేరొచ్చింది. పంపు దగ్గర నేను బిందె పెడితే, "అర్జీలమ్మ వస్తంది, జరగండి, లేకపోతే పైకి రాసేస్తాది" అని వేళాకోళం.

చివరికి ఒక ఇనస్పెక్టరు వచ్చాడు. ఆయన్ను చార్జిమేన్ తన ముందు వాకిట్లోనే అందుకుని, కుర్చీ వేసి, చాయ్, రసగుల్లా పెట్టి, మెల్లగా వెనక్కి తీసుకొచ్చాడు. ఇనస్పెక్టరు అటూ ఇటూ చూశాడు. గదులు తీయించాలంటే పైనుంచి ఆర్డరు కావాలన్నాడు. పాపం, వట్టిచేతులతో వెళ్ళడం ఇష్టంలేదేమో, మా గుమ్మం మీద కట్టిన తాటాకు తడికె వైపు చెయ్యి చూపించాడు. మంచం మీద ఎండ పడకుండా మా అత్త కోసం నేను కట్టిన తడికె అది. మా గోడ దాటి జానెడు సందులోకి వచ్చిందట. అది తన చేతిలో పనేనట. కూలీని పిలిచి అప్పటికప్పుడు విప్పించాడు.

ఎదురింటి రేకుల గది గోడకు ఆనుకుని చార్జిమేన్ భార్య అదంతా చూసింది. "రూలు రూలే కదా సెల్లీ" అంది.

ఆ సంవత్సరం సంబరానికి ముందే, మా పక్కింటి బాయిలర్ షాపు ఆయనా, ఆయనకు సరిగ్గా ఎదురింటి ఆయనా గదులు వేశారు. ఇద్దరూ కర్ర పెట్టే కొలిచారు. ఈయన అటు గోడ నుంచి, ఆయన ఇటు గోడ నుంచి. నేను అరుగు కింద నిలబడి ఏం చెప్పానో అక్షరాలా అదే జరిగింది. రెండు గదుల మధ్య మనిషి పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని వెళ్ళాలి. పక్కింటాయనకు చెప్పాను. "సంబరం నాటికి సూసుకుందాంలే అప్పా" అన్నాడు.

సంబరం నాడు ఘటం ఎత్తింది చార్జిమేన్ భార్యే. పంపు దగ్గర సందులోకి దిగి, వంకరలు తిరుగుతూ, గుమ్మం గుమ్మం దగ్గరా పసుపునీళ్ళు పోయించుకుంటూ మా పెరటిగోడ దాకా వచ్చింది. మా అత్తకు పొద్దున్నే తలంటి, జరీ అంచు చీర కట్టి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాను. ఆమె చేతులు జోడించింది. డప్పులవాళ్ళు ముందుకు కదిలారు, ఆ రెండు గదుల మధ్య ఇరుక్కున్నారు, ఆగారు. వెనకవాళ్ళు తోశారు. డప్పు ఆగిపోయింది.

"ఏటయింది? కదలండి!" అని వెనకనుంచి కేకలు.

"ఎటు కదల్తాం? డప్పే పట్టడం నేదు!"

"వెనక్కి రండి మరి."

"ఓరి నీ నోరు పడిపోను! ఘటం వెనక్కి వస్తాదేటి?"

చార్జిమేన్ భార్య తల మీద ఘటంతో, కాళ్ళు మాడుతూ నిలబడిపోయింది. మెడనరాలు పొంగి కనబడుతున్నాయి. చార్జిమేన్ వెదురుకర్ర తెప్పించాడు. నిజం, తెప్పించాడు. రెండు గదుల మధ్య అడ్డంగా పెట్టబోతే పట్టక నిలువుగానే నిలబడింది. ఇద్దరు ఇంటివాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"నాను కర్ర పెట్టే కట్టినాను."

"నానేటి కళ్ళు మూసుకుని కట్టినానా?"

నేను నా గోడ దగ్గర నిలబడి అన్నాను. "బావగారూ, ఇంతమంది ఫిట్టర్లున్నారు. నాలుగు బోల్టులిప్పితే రేకుగోడ ఊడొస్తాది. ఇప్పండి."

అందరికీ అది తెలిసిన పనే. పానాలు ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఎవరి గోడ ఇప్పాలన్నదే తేలలేదు. ముందు ఆయనది ఇప్పమని ఈయన, ఈయనది ఇప్పమని ఆయన. ఇప్పినది మళ్ళీ కట్టనివ్వదు ఈ అర్జీలమ్మ అని ఎవరో అన్నారు. అదీ నిజమే, కట్టనిచ్చేదాన్ని కాదు. నాకు ఆ కాసేపు చాలా ధైర్యంగా ఉంది. ఇన్నేళ్ళకు ఒక గోడ ఊడబోతోంది, ఒకటి ఊడితే రెండోది ఊడుతుంది, మా అత్తకు కానుగ చెట్టు దాకా కనబడుతుంది అనుకున్నాను.

అప్పుడు బాయిలర్ షాపు ఆయన చెయ్యెత్తి మా ఇంటివైపు చూపించాడు. "ఈ అప్ప పెరడు కాళీగానే ఉన్నాది కదేటి! వెనక గుమ్మంలోంచి దూరి ముందు గుమ్మంలోంచి వీధిలోకి ఎల్లిపోతే సరి. పక్కకి తిరిగినట్టేగానీ వెనక్కి తిరిగినట్టు కాదు."

ఇరవై గొంతులు ఒక్కసారి ఔనన్నాయి.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "నేదు. మా ఇల్లు దారి కాదు. దారి అక్కడున్నాది. గోడ ఇప్పండి."

"మరదలా, అమ్మతో పంతమేటి?" అన్నాడు చార్జిమేన్.

"అమ్మతో కాదు బావగారూ, మీతో."

ఘటం ఒక పక్కకు వాలింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నా వెనకనుంచి మా అత్త గొంతు వినిపించింది. తిట్టలేదు. ఆమె నన్ను బతిమాలడం నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు.

"అడ్డు తియ్యే తల్లీ. నాను ఎదురెల్లనేను. అమ్మే నా దగ్గిరికి వస్తంది. రానీవే."

నేను అడ్డు తీశాను. ఏం చెయ్యను?

వీధి వీధంతా మా ఇంట్లోంచి నడిచింది. ఘటం మా అత్త మంచం దగ్గర ఆగింది. ఆమె చెంబెడు పసుపునీళ్ళు చార్జిమేన్ భార్య కాళ్ళ మీద పోసి, ఆ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. ఆ తడి కాళ్ళ వెనక ఇంకెన్ని కాళ్ళో. ఆరబెట్టిన పప్పు తొక్కారు, కుండ పగలగొట్టారు, ముందు గదిలో గోడకు డప్పు తగిలి సున్నం రాలింది. చివర్లో మా ఆయన అందరికీ మజ్జిగ పోశాడు. మహా భాగ్యం మీదన్నారు అందరూ. ఇంటిమీదుగా అమ్మవారు నడవడం ఎవరికి దక్కుతుందన్నారు. పట్టుబట్టి గది వేసుకోకపోవడం కూడా అమ్మే నాచేత చేయించిందని చార్జిమేన్ అరుగు మీద చెప్పాడట. నా పంతం కూడా నాది కాకుండా చేశారు.

మరుసటి వారం మీటింగులో ఇక ప్రతి ఏడూ ఘటం మా ఇంట్లోంచే అని తీర్మానం చేశారు. నన్ను పిలవలేదు. మా ఇంటి అవతల సందుతో ఇక పని లేదు కాబట్టి ఆ రెండు గదులూ కలిసిపోయాయి, వాటి వెనకవీ కలిసిపోయాయి. ఇవతల పంపు నుంచి మా గుమ్మం దాకా ఘటం వచ్చే దారి మాత్రం వదిలారు. చార్జిమేన్ దానికీ ఉపాయం కనిపెట్టాడు. ఘటం ఎత్తిన మనిషిని నిలబెట్టి ఆ ఎత్తుకు ఇంకో కర్ర కోసి, దానికి పైన తన గదికీ మా గోడకీ కలిపి రేకులు పరిచాడు, దానిమీద ఒక అటక వేశాడు. ఘటం పడుతుంది, రూలు తప్పలేదు. ఆకాశం మాత్రం పట్టదు.

మా ఆయనను, "మన గోడ మీద రేకు ఆనించుకోమని ఎవరు సెప్పినారు?" అని అడిగాను.

"అన్న అడిగినాడు. పోనిద్దూ."

మా అత్తను ముందు గదిలోకి మారుద్దామన్నాను. ఒప్పుకోలేదు. "అమ్మ దూరిన గుమ్మం ఇది. ఒగ్గి రాను" అంది. ఏడాదికి ఒక పూట ఆ గుమ్మంలోంచి వెలుగూ డప్పూ వేపమండలూ వచ్చేవి. మిగతా ఏడంతా రేకు. చేపల ఆవిడ ముందు వీధినుంచే వెళ్ళిపోయేది. దారి లేని చోటికి ఎవరు వస్తారు? అందరి సంగతులూ చెప్పే మనిషి రాను రాను అవే పాత సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు అవీ మానేసింది.

ఆ మధ్యనే క్వార్టర్లకు కరెంటిచ్చారు. వెనక గదిలో ఒక బల్బు పెట్టించాను. మిట్టమధ్యాహ్నం కంచంలో మెతుకులు కనబడక ఆమె తడుముకుంటోందని పగలే లైటు వేసి అన్నం పెట్టేదాన్ని. రేకు కింద సందులోకి ఆ వెలుగు పడేది.

చార్జిమేన్ భార్య ఒకరోజు తొంగి చూసింది. "పట్టపగలు లైటేటే సెల్లీ? ఎవరైనా సూస్తే నవ్వరేటి?"

"మీ రేకు తీయించు అక్కా, ఆర్పేస్తాను" అన్నాను.

ఆవిడ తీయించలేదు. మా అత్త ఉన్నన్నాళ్ళూ నేను ఆర్పలేదు.